మనిషి ఒడ్డుకు, వల నీళ్లకు

బరంపురం మగ్గాల మీద పనిచేసే అన్నదమ్ములకూ, కాలేజీలో చదివే పిల్లలకూ నేను కళ్లారా చూసింది రాస్తున్నాను. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. చూసినదాంట్లో తప్పు లేదు.

మా రేవు మార్కండికి ఉత్తరాన ఉంది. మా తావు ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన మూడో ఏడు, ఒక సోమవారం పొద్దెక్కిన వేళ, కంట్రాక్టరు నీలకంఠం మనుషులు మా వలను ఇసుక మీద పరిచి గొడ్డళ్లతో నరికారు.

అప్పటిదాకా రేవులో పెద్దవల ఒక్కటే, అది నీలకంఠానిది. అరవై మంది తాడు లాగితే గాని అది ఒడ్డుకు రాదు. లాగేది మేము, చేపలు అతనివి. అందుకని మా ఆడవాళ్లం రెండేళ్లు నూలు వడికాం. మగవాళ్లు అల్లారు. కిరస్తానీ ఇళ్లూ హిందువుల ఇళ్లూ కలిసి చేసిన వల అది. ఏ కన్ను ఎవరు ముడివేశారో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఒక్కసారైనా నీళ్లలో వేయలేదు.

"రేవు వేలంపాట నాది. నా వల తప్ప ఇక్కడ పడదు" అన్నాడు నీలకంఠం.

నా మొగుడు కాశయ్య పోయి వల మీద బోర్లా పడుకున్నాడు. "ముందల నన్ను నరకండి" అన్నాడు.

గొడ్డలి ఎత్తిన నీలకంఠం మనిషి, గురువులు అనేవాడు, ఆగిపోయాడు. వెనక్కి తిరిగి యజమాని ముఖం చూశాడు. గొడుగు కింద నుంచి నీలకంఠం తల ఊపాడు. గొడ్డలి దిగింది. తొడ తెగింది. ఎడ్లబండి మీద బరంపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కాశయ్య ప్రాణం పోయింది, నా ఇంటి దీపం ఆరిపోయింది.

గురువులు భయపడి గొడ్డలి అక్కడే పారేసి పోయాడు. పక్కింటి వరహాలమ్మ దాన్ని తీసి, నరికిన వల ముక్కలో చుట్టి, ఇంట్లో దాచింది.

నా కొడుకు పైడన్నకు ఇరవై ఏళ్లు. ఆ రోజు నుంచి వాడి చేతిలో ఏది కనబడినా నాకు కత్తిలాగే కనబడేది. వీడు ఆ గురువుల్ని చంపుతాడు, వీణ్ణి ఉరి తీస్తారు, నేను రెండో సమాధి తవ్వించుకుంటాను. తెల్లవారి లేస్తే ఇదే ఆలోచన. ఇంట్లో కత్తులన్నీ బియ్యం కుండలో దాచేశాను. నిజం చెప్పాలి కదా. రోజుకోసారి వాటిని బయటికి తీసి పదును చూసుకునేది కూడా నేనే.

నాలుగో రోజు పాస్టరుగారు వచ్చారు. చేతిలో ఒరియాలో రాసిన కాయితం ఉంది.

"దానమ్మా, మంగళవారం ఇన్‌స్పెక్టరుగారు విచారణకు వస్తున్నారు. గొడ్డలి జారి తగిలిందని ఇందులో ఉంది. సంతకం చెయ్యి. నీలకంఠంగారు సంఘపెద్ద, మన గుడికి గంట ఇచ్చినాయన. మీ శత్రువులను ప్రేమించుడి అన్న మాట నువ్వు చదువుకున్నదే గదా."

"సదువుకున్నాను అయ్యగారూ. ఆ పుస్తకం నీలకంఠంగారింట్లో నేదా?"

"ఉంటుంది."

"మరి ఆయనకెప్పుడూ సెప్పరేటి ఈ మాట? దెబ్బలు తిన్నోళ్లకాడికే వొస్తాది."

ఆయన కాయితం నా ముందుకు జరిపారు. మంచివాడే. గుడి ఆయనదే గానీ గంట మాత్రం నీలకంఠానిది.

"నాకు ఒరియా మాటలొస్తాయి గానీ రాత రాదు. సదవలేని కాయితం మీద నా పేరెట్టను" అన్నాను.

ఆదివారం గుడికి పోయాను. మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలంటే తగువులున్నవాళ్లు లేచి నిలబడి చేతులు కలుపుకోవాలి. కలిపే దాకా రొట్టె విరవరు. మేమంతా చాపల మీద కూర్చున్నాం. నీలకంఠం ముందు బెంచీ మీద ఉన్నాడు. పాస్టరుగారు నన్ను పేరు పెట్టి పిలిచారు. నీలకంఠం అప్పటికే లేచి చెయ్యి చాపి ఉన్నాడు. తెల్లని చెయ్యి, ఉంగరం ఉంది.

నేను లేచాను.

"అయ్యగారూ, ఈయన మాకు అన్నదమ్ముడా, శత్రువా? అన్నదమ్ముడైతే మా వలెందుకు నరికించినాడు? శత్రువైతే ముందు బెంచీ మీదెందుకు కూకున్నాడు?"

"అమ్మా, ఇది ప్రేమించే స్థలం" అన్నారు పాస్టరుగారు.

"పేమిస్తాను. నా గుంటడు తప్పు సేస్తే ఒప్పుకునేదాకా ఆడికి కూడెట్టను. నాకు తెలిసిన పేమ అదే. గొడ్డలికి తలూపినాడో నేదో ఈయన్ని ఇక్కడ సెప్పమనండి. సెప్పినాక సెయ్యి కలుపుతాను."

నీలకంఠం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆడదానికి బుర్ర చెడింది" అన్నాడు.

వెనక చాప మీద నుంచి ఒక ముసలాయన లేచాడు. తరువాత ఆయన కోడలు. తరువాత అందరూ లేచి బయటికి నడిచారు. రొట్టె బల్ల మీదే ఉండిపోయింది. ప్రేమ ప్రేమ అని నోటితో అన్నాను గానీ ఆ పూట నా గుండెలో ఉన్నది కుండలోని కత్తే.

బయట హిందువుల ఇళ్లవాళ్లు గుమికూడి ఉన్నారు. వరహాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "ఏటొదినా, మీ దేవుడు రెండో సెంప సూపమన్నాడంట. మీకు మూడో సెంప నేదని ఆ సావుకారికి ఇప్పుడు తెలిసిందేటి?"

వల లేని ఇసుక మీదే సభ పెట్టాం. నీలకంఠం వల దాచే కొట్టాన్ని తగలెట్టేద్దాం అన్నాడు పైడన్న.

"తగలెడితే నిన్ను అట్టుకుపోతారు. మిగిలినోళ్లు మళ్లీ తాడట్టుకుంటారు" అంది వరహాలమ్మ. "ఆడి బలమేటి? మన సేతులు. ఆటిని ఇంటికాడ పెట్టుకుందాం."

"తిండో?" అని ఎవరో అడిగారు.

"ఒకరింట్లో గంజి ఉంటే అందరింట్లో ఉన్నట్టే. నేకపోతే అందరం పస్తు. కిరస్తానీ కుండ, హిందువు కుండ అని సూడకండి."

ఆ సభలో చేయి ఎత్తనివాడు లేడు.

సోమవారం నీలకంఠం ఏమీ ఎరగనట్టు వల వేయించాడు. మొదటి తాడు ఒడ్డున గుంజకు కట్టారు. గురువులూ మరో నలుగురూ పడవలో పోయి వలను సముద్రంలో దించి, రెండో తాడుతో ఒడ్డు వైపు తిరిగారు. ఒడ్డున అరవై మందిమి ఉన్నాం. అందరం చేతులు కట్టుకునే ఉన్నాం.

"పట్టండి" అన్నాడు నీలకంఠం.

ఎవరూ కదల్లేదు. చేపలతో నిండిన వలను నీటి వాలు పక్కకు లాక్కుపోతోంది. దాంతో పాటు తాడు బిగిసి, పడవ అడ్డం తిరిగింది. ఒక్క కెరటం దాన్ని బోర్లించింది. నలుగురు ఈదుకుంటూ వచ్చారు. ఐదోవాడు గురువులు. కాలికి తాడు చుట్టుకుంది. తల మునుగుతోంది, తేలుతోంది.

మునుగు, అనుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

పైడన్న నీళ్లలోకి లగెత్తాడు. వాడు గురువుల్ని తనే ముంచుతాడనుకున్నాను. మెడ లోతులో ఆగి, వెనక్కి తిరిగి అరిచాడు.

"అమ్మా, కత్తియ్యి."

కుండలోంచి తీసి నడుములో దోపుకున్న కత్తి సంగతి వాడికెలా తెలుసు? నేను వాణ్ణి కనిపెడుతున్నాననుకున్నాను. వాడే నన్ను కనిపెడుతున్నాడు.

"తాడు కొయ్యకండి. వల పోతాది. లాగండి, వల లాగండి" అంటున్నాడు నీలకంఠం. మనిషి మాట ఒక్కసారీ ఎత్తలేదు.

ఒక కెరటం వచ్చి వెళ్లేంతసేపు నేను కదల్లేదు. ఇస్తే కొడుకు పోతాడా, ఇవ్వకపోతే పోతాడా? అప్పుడు వరహాలమ్మ నా చెవిలో అంది. "ఆడు సచ్చిపోతే, సావుకారు తలూపినాడని ఎవులు సెప్తారే?"

నీళ్లలోకి దిగి కత్తి అందించాను. పైడన్న తాడు కోశాడు. ఆ ఒక్క కోతతో మనిషి ఒడ్డుకు వచ్చాడు, వల సముద్రంలోకి పోయింది. గురువుల్ని మా వాళ్లు పదిమంది రెక్కలు పట్టి లాగారు. ఒడ్డున గుంజ కూడా పెకిలి వల వెంట పోయింది. నీలకంఠం మోకాళ్ల లోతు దాకా నీళ్లలోకి దిగి దాని వైపు చేతులు చాపాడు. ఆ చేతుల్ని అలా చూడడం నాకు పండగలా ఉంది. ఇప్పటికీ ఉంది.

మంగళవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "కొణ హేలా?" ఏం జరిగిందని ఒరియాలో అడిగి, కంట్రాక్టరు చెప్పింది రాసుకున్నాడు. వల పోగొట్టాడని పైడన్నకు బేడీలు వేశారు. గొడ్డలి సంగతి గురువుల్ని అడిగితే నోరు విప్పలేదు.

నేను భయపడిందే అయింది. వాణ్ణి జెయిలుకు తీసుకుపోయారు.

తాడు బిగిసి గురువులు కాలు విరిగింది. పని పాడుచేశాడని నీలకంఠం గడప తొక్కనివ్వలేదు. ఏ ఇంట్లో పడుకోబెడతారు? నా మొగుణ్ణి నరికినవాణ్ణి నా అరుగు మీదే పడుకోబెట్టాను. పొద్దున్నే గంజి పోసేదాన్ని. పోసి ఒకే మాట అడిగేదాన్ని.

"తాగు. బతుకు. ఇయాళైనా సెప్తావా?"

గంజి తాగి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పదిహేడు రోజులు అడిగాను. ఆ పదిహేడు రోజులూ రేవులో ఎవరూ తాడు పట్టలేదు. ఆకలికి పిల్లలు మట్టి తింటున్నా పట్టలేదు. పద్దెనిమిదో నాడు గంజి ముంత పక్కకు నెట్టి గురువులు అన్నాడు.

"నీకు కోపం నేదేటమ్మా?"

"నిన్ను సూస్తే కడుపు మండిపోతాది. అందుకే బతికిస్తన్నాను."

పంతొమ్మిదో రోజు ఛత్రపురం కచేరీలో పైడన్న విచారణ. రేవు రేవంతా బయలుదేరాం. రెండు గూడేల వాళ్లూ, వెనక దూరంగా పాస్టరుగారు కూడా. వరహాలమ్మ వల ముక్కలో చుట్టిన గొడ్డలి తెచ్చింది. కర్ర ఊతంతో కుంటుకుంటూ గురువులు అరుగు దిగాడు. చెయ్యి చాపాడు.

"ఇలా ఇయ్యమ్మా. అది నాది. ఎవులు ఎత్తమంటే ఎత్తినానో కచేరీలో నానే సెప్తాను."

గొడ్డలి మళ్లీ ఆ చేతికి ఇవ్వాలా? దారంతా ఏమవుతుందో అని ప్రాణం పీకుతూనే ఉంటుందని తెలుసు. అయినా వరహాలమ్మకు సైగ చేశాను. అతను దాన్ని భుజాన వేసుకున్నాడు.

"ముందల నువ్వు నడువు" అన్నాను. "నా కళ్ల ముందరుండు."

అతని వెనక మేము అరవై మందిమి నడిచాం.