ఫోన్‌లో చదివే ఆయన

పెద్దవంగరలో సంజీవ నవల పట్టాడంటే వాడకట్టంతటికీ తెలుస్తుంది. ఆయన చదువుకున్న బడిలో పంతులు, నోరు మెదపనివాణ్ని చదవనివాడి కిందే జమకట్టి బెత్తం తీసేవాడు. గట్టిగా పైకి చదివే ఆ అలవాటు సంజీవకు డెబ్బై దాటినా పోలేదు. పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకుని ఆయన పుస్తకం తెరిస్తే, కాకులు లేచి కురవి దాకా పోయి గానీ వాలవట. ఇందులో అబద్ధమేమీ లేదు, చెప్పింది సంజీవే.

ఉగాది నుంచి ఉగాదికి తనకు తానే ఒక పందెం పెట్టుకుంటాడు. ఒక ఏడాది తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు నవలలే చదివాడు. వాటిలో ఒకదానికి జనగామ బస్సులో కండక్టర్ అర టికెట్ కొట్టాడట. ఈ ఏటి పందెం మరోటి: ఏళ్ల తరబడి ఎవరూ తీసుకోని నవలలే చదవాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లైబ్రరీలు తిరిగి, బందెలదొడ్డిలోంచి గొడ్లను విడిపించుకొచ్చినట్టు వాటిని ఇంటికి తోలుకొచ్చాడు. అతుక్కుపోయిన పేజీలను కూరగాయల కత్తితో విడదీసి మరీ చదివాడు.

ఎందుకింత కష్టమంటే, ఉగాది నాడు గుడి దగ్గర పంచాంగం విన్న జనం నేరుగా ఊరి లైబ్రరీ అరుగు మీదికి వస్తారు. అక్కడ సంజీవ నవలల పంచాంగం చెబుతాడు. ఆ ఏడాది చదివిన ఒక్కో నవలకూ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం లెక్కగడతాడు. "ఈ నవలకు కన్నీళ్ల ఆదాయం పద్నాలుగు, కథ మాత్రం రెండే" అంటే జనం పడీ పడీ నవ్వుతారు. ఏడాదంతా ఆయన చదివేది ఆ ఒక్క పూట కోసం.

ఈసారి ఆ పూటకే ఎసరొచ్చింది. పెట్టింది పరాయివాళ్లు కాదు, భార్య అరుంధతి.

మిరప కోతలైపోయి ఇంటి ముందు ఎండుకాయలు రాశి పోశారు. అరుంధతి, పక్కింటి యాకమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లు రోజంతా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. పని మొదలయ్యే ముందు కోడలు హరిత వచ్చి, అత్త చెవిలో ఫోను వైరు పెట్టిపోతుంది. కారపు చేతులతో అత్త దాన్ని ముట్టకూడదు కదా. అరుంధతి ఫోనులో నవల వింటూ, విన్నది విన్నట్టు మిగతావాళ్లకు చెబుతుంది.

మొదట్లో సంజీవ ఎగతాళి చేశాడు.

"వినుడు చదువుడెట్లయితదే? వాసన జూస్తే బువ్వ తిన్నట్టేనా?"

"నా కడుపు నిండుతది. నీకేం బాధ?"

బాధే. ఆయన ఏ నవల ముగిస్తే, రెండ్రోజుల తేడాతో ఆమె అదే నవల మొదలుపెడుతోంది. పోటీకే, అనుకున్నాడు. అదైనా ఓర్చుకునేవాడు గానీ, ఆమె చెప్పే అభిప్రాయాలను ఓర్చుకోవడం ఆయన వల్ల కాలేదు. ఒక నవలలో భర్త పోయిన ఆడమనిషికి అండగా నిలిచిన డాక్టరు ఉన్నాడు. సంజీవ ఆ డాక్టరుకు రాజపూజ్యం పదహారు వేసి పెట్టుకున్నాడు. అరుంధతి మిరపకాయ తొడిమ తుంచినంత సులువుగా తేల్చేసింది.

"ఆయన త్యాగమేందో గని, మూడుసార్లు ఆమె ఇంట్ల తిన్నడు. ఒక్కసారన్న కంచం కడిగిండా? రాసినాయనకు గా యాదే లేదు."

"అగో, గది వదినె ముచ్చటంటే!" యాకమ్మ పకపక నవ్వింది.

సంజీవ లోపలికి పోయి ఆ పేజీలన్నీ మళ్లీ తిరగేశాడు. నిజంగానే కడగలేదు.

ఆ సాయంత్రమే లైబ్రరీ చూసుకునే దినేశ్ ఎదురొచ్చాడు.

"పెద్దనాయినా, ఈపాలి పంచాంగం పెద్దమ్మతోని చెప్పిద్దామా? ఆడోళ్లంత అడుగుతున్నరు."

"చెప్పియ్యిరా, నాకేమాయె" అన్నాడు సంజీవ. ఆ పూట ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైంది, చారులో తక్కువైంది, నీళ్లు కూడా ఎందుకో చేదుగా ఉన్నాయి.

అన్నిటికంటే ఆయన్ను కాల్చుకు తిన్నది ఆ ఫోనులో గొంతు. పెళ్లయిన కొత్తలో నవల చదివి వినిపిస్తానంటే "పొయ్యి మీద పాలున్నయి" అని లేచిపోయిన మనిషి, ఇప్పుడెవడో చదువుతుంటే చెవి అప్పగించి కూర్చుంటుందా? పైగా నడుమ నడుమ ముసిముసి నవ్వులు!

"ఎవరే ఆ చదివెటాయన?"

"ఉన్నడొకాయన."

"ఏ ఊరు?"

"ఏ ఊరైతే నీకెందుకయ్యా? మంచిగ చదువుతడు."

మరునాడు హరిత అత్త చెవిలో వైరు పెట్టేసి మహబూబాబాద్ పోయింది. గేటు దగ్గర నుంచి యాకమ్మ కేకేస్తే, అరుంధతి చెవిలోని వైరును తానే పీకి, ఫోనుతో సహా మంచం మీద పడేసి వెళ్లింది. సంజీవ అటు చూశాడు, ఇటు చూశాడు. గబుక్కున వైరు తీసి చెవిలో దూర్చుకున్నాడు.

ఎవడో ముక్కుతో చదువుతున్నాడు. వాక్యం చివర మింగేస్తున్నాడు. వీడికా ఈమె చెవి అప్పగించింది అని సంజీవ మనసు కాస్త చల్లబడేలోపే, చెవి భగ్గుమంది.

ఆ కేకకు రాశిలోని మిరపకాయలు లేచి నిలబడ్డాయని యాకమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆడవాళ్లు నలుగురూ పరుగెత్తుకొచ్చి చేతులు పైకెత్తి చుట్టూ నిలబడ్డారు. అందరివీ కారపు చేతులే, ముట్టుకునే చేయి ఒక్కటీ లేదు. సంజీవే వంటింట్లోకి ఉరికి చెవికి నెయ్యి పూసుకొచ్చాడు. మంట తగ్గకముందే నోరు తెరిచాడు.

"గా ముక్కోడానే నీకు మంచిగ చదివెటోడు? వానికి అచ్చరాలన్న వస్తయా? నా కాలిగోటికి సరిపోడు!"

అరుంధతి నవ్వు ఆపుకోలేక మంచం పట్టె మీద కూలబడింది. "ఆ వైరు ఫోన్లకెంచి గుంజి అందరికి వినిపియ్యి."

ఆయన గుంజాడు. వాకిలంతా గొంతు నిండింది. నది ఒడ్డున డాక్టరు సెలవు తీసుకుంటున్నాడు. "ఆమె కన్నుల నుండి రెండు అశ్రు బిందువులు... ఏమే అరుంధతీ, చాయ్ పెడుతున్నవా లేదా... రాలి పడినవి."

నలుగురూ ఆయన వైపు తిరిగారు. సంజీవ మెల్లగా అన్నాడు, "గిది నా గొంతు కాదు."

"అన్నా, మరి చాయ్ అడిగిందెవరు? డాక్టరా?" అంది యాకమ్మ.

అరుంధతి కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. "పొద్దుగాల నువ్వు చదువుతుంటే నాకు పాలు, పొయ్యి. విన తీరదు. హరిత కిటికీల ఫోన్ పెట్టి రికార్డు చేస్తది. తొడిమలు తీసేటప్పుడు వింట."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నాటకమోని లెక్క చదువుతవ్."

సంజీవ ముఖం కొంచెం విచ్చుకుంది. "అంటే నేను మంచిగ చదువుతనన్నట్టే గదా?"

"నువ్వు గాదు, ఫోన్ల ఆయన. ఆగుమంటే ఆగుతడు. నడుమల నా భుజం గుంజి, గీ మాట జూడు, గీ మాట జూడు అనడు."

విచ్చుకున్న ముఖం మళ్లీ ముడుచుకుంది. నెయ్యి కారుతున్న చెవిని కండువాతో తుడుచుకున్నాడు.

"సరే, ఉగాదికి నువ్వే చెప్పు. చదివింది నేనని మాత్రం చెప్పాలె."

"చెప్త. ఫోన్ల ఒకాయన చదివిండని చెప్త."

మరునాడు పొద్దున సంజీవ పెరట్లో కుర్చీ వేసుకున్నాడు. కిటికీలో ఫోను నిలబడి ఉంది. తన ఇంట్లో తిష్ట వేసినవాణ్ని చూసినట్టు దాన్ని ఎగాదిగా చూశాడు. పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివేసరికి నాలుక చాయ్ కోసం పీకింది. పిలుపు గొంతు దాకా వచ్చింది. ఆ ఫోన్‌లో ఆయనకు చాయ్ కూడా దక్కనివ్వకూడదని మింగేసి, చదువుకుంటూ పోయాడు.

ఆ పూట చాయ్ ఆయనకూ దక్కలేదు, ఈయనకూ దక్కలేదు.