ఇంటి జబ్బు

గంగాధర హిందూపురంలో కాలేజీ లెక్చరర్. ఆరు నవలలు రాశాడు. ఆరింటిలోనూ చెప్పింది ఒకటే: పిచ్చి అనేది మనిషిలో ఉండదు, ఇంట్లో ఉంటుంది; ఇల్లు తన జబ్బునంతా ఒకరి మీదికి తోసి, వాళ్లతో మాత్రలు మింగించి, తాను నిమ్మళంగా నిద్రపోతుంది. సభల్లో ఆ మాటకు కుర్రవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు.

అతని చెల్లెలు ప్రశాంతికి పదేళ్లుగా చెవుల్లో ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి. పెనుకొండలో తల్లి లక్ష్మీనరసమ్మ దగ్గరుండి, వేళకు మాత్రలు వేసుకుంటూ, మిషన్ మీద జాకెట్లు కుట్టేది. మాత్రల వల్ల ఒళ్లు బరువెక్కి, మాట మందగించింది. పోయిన వేసవిలో ఆమెను చూసి గంగాధర తట్టుకోలేకపోయాడు.

“దీన్ని బొమ్మను చేసి కూర్చోబెట్టినావమ్మా. నాతో పంపు. మాత్రల్లేకుండా మనిషిని చేస్తా.”

“చదువుకున్నోనివి. నాకేం తెలుసప్పా,” అని తల్లి బట్టలు సర్ది పంపింది.

హిందూపురంలో మొదటి నెల ప్రశాంతి నవ్వింది, చిన్ననాటి సంగతులు చెప్పింది. ఆమెకు వినిపించేవన్నీ అడిగి గంగాధర నోటుబుక్కులో రాసుకున్నాడు. ఏడో నవల చకచకా సాగింది. రెండో నెలలో ఆమెకు నిద్ర కరువైంది. కిటికీలన్నీ మూసి, గోడకు చెవి ఆనించి నిలబడేది.

“అన్నా, నాకు మాత్రలు కావల్ల. వాళ్లు ఎక్కువైనారు.”

“భయపడొద్దు. ఏం చెప్తాండారో చెప్పు. అంతా బయటికొస్తే పోతాది.”

“చెప్పలేను. మాత్రలియ్యి.”

మూడు రోజులు అడిగింది. నాలుగోరోజు అతను కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఆమె లేదు. చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి.

బస్టాండు, స్టేషను, ఆసుపత్రులు తిరిగి, పోలీసులకు ఫోటో ఇచ్చి, చివరికి పెనుకొండ పోయాడు. తల్లి గడపలోనే కూలబడింది.

“మాత్రలు ఇస్తాంటివా?” అని ఒక్కటే అడిగింది. అతను తల వంచుకున్నాడు.

ఇద్దరూ రైళ్లు మారే ధర్మవరం స్టేషన్‌లో బెంచీ బెంచీకీ పోయి ఫోనులో ఫోటో చూపించారు. మంచినీళ్లు తాగమన్నా లక్ష్మీనరసమ్మ తాగలేదు. అయిదోరోజు బత్తలపల్లి నుంచి హనుమప్ప అనే టీకొట్టాయన పోలీసులు పంపిన ఫోటో గుర్తుపట్టి ఫోన్ చేశాడు.

కొట్టు వెనక రేకుల నీడలో కూర్చుని ఉంది ప్రశాంతి. అరికాళ్లు పుండ్లు పడ్డాయి, చీరంతా బురద. అన్నను చూసి గోడవైపు జరిగింది.

“రాసుకోను వచ్చినావా?” అంది.

తల్లి ముందుకు పోయి ఆ పాదాలు ఒళ్లోకి తీసుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చీటీలు చూసి, “మాత్రలు ఎవరు ఆపినారు?” అని అడిగింది.

“అయిపోయినాయమ్మా. నేనే తెప్పీలేదు,” అంది లక్ష్మీనరసమ్మ వెంటనే.

ఇన్నేళ్లూ ఏ ఇంటి మీద నేరం మోపుతూ వచ్చాడో ఆ ఇల్లే అతని నేరాన్ని నెత్తికెత్తుకోవడం గంగాధర చూశాడు.

“కాదు మేడం. నేను ఆపించినా. అది అడిగినా ఇయ్యలేదు.”

డాక్టరమ్మ ఆ మాట రాసుకుంది. కోలుకుంటుంది గానీ మునుపటంత కుదురుగా ఉంటుందని చెప్పలేనంది.

మూడు వారాలైంది. ప్రశాంతి తల్లి చేత్తో రెండు ముద్దలు తింటోంది, ఎవరితోనూ మాట్లాడదు. గంగాధర రోజూ వస్తాడు. వార్డులోకి అడుగుపెడితే చాలు, ఆమె తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. తల్లి అతని వైపు చూసి, వద్దన్నట్టు మెల్లగా తలూపుతుంది. అతను తెచ్చిన పండ్లు నర్సుకిచ్చి, వరండాలో చీకటి పడేదాకా కూర్చుంటాడు.