ఆరిపోవాల్సిన చుక్క

లాస్ ఏంజెలెస్ కొండలకి ఉత్తరాన, సినిమాల్లో పనిచేసి వయసు మళ్లినవాళ్లుండే హోమ్ ఒకటుంది. అక్కడ గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట మొదలయ్యేది. ఒకరు క్లూలు చదవాలి, మిగతావాళ్లు అది ఏ పాత సినిమానో చెప్పాలి. ఫ్యాన్లు బద్ధకంగా తిరుగుతుండేవి. సగం దించిన తెరల సందుల్లోంచి నారింజపూల వాసన వచ్చి, అందరి కళ్లమీదా సన్నటి మత్తు పరిచేది. ఆ మత్తులో తప్పు జవాబులు కూడా ఒప్పుల్లాగే వినిపించేవి.

ఆర్లో ఫెన్విక్ కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చునేవాడు. మూడేళ్లుగా అదే కుర్చీ. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యెత్తిన పాపాన పోలేదు.

"ఈ సినిమాలో హీరోయిన్‌కి పదిహేడు టోపీలు," అని చదివేవాడు డాబ్స్. అతను ఒకప్పుడు స్టూడియోలో పబ్లిసిటీ చూసేవాడు. ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో, ఎందుకు మానేశారో అతనికి కంఠతా వచ్చు. "అందులో ఒకటి షూటింగ్ మధ్యలో గుర్రం తినేసింది. చెప్పండి చూద్దాం!"

"ఆ గుర్రానికి మేకప్ వేసింది నేనే," అని లేచేది ఫ్లోరిన్. "పేరు మాత్రం నాలిక చివరుంది, ఆగండి."

"నీ నాలిక చివర సగం ఊరుందమ్మా. కూర్చో. ఏమయ్యా ఆర్లో, నువ్వైనా చెప్తావా?"

ఆర్లో తల అడ్డంగా ఊపేవాడు. అతను ముప్ఫై నాలుగేళ్లు ఆకాశాలు వేశాడు. సెట్టు వెనక వేలాడదీసే గుడ్డమీద, నూరడుగుల పొడవున, తెల్లవారుజాములూ తుఫానులూ వెన్నెల రాత్రులూ. రంగు ఆరగానే గుడ్డని చుట్టి పట్టుకుపోయేవాళ్లు. మర్నాడు ఇంకో ఆకాశం మొదలు. దాని ముందు ఎవరు నిలబడి ఏడ్చారో, ఎవరు ఎవర్ని ముద్దుపెట్టుకున్నారో అతనికి తెలీదు. సినిమాలు చూడ్డం ఎప్పుడో, యుద్ధం రోజుల్లోనే మానేశాడు. ఎవరైనా ఎందుకని అడిగితే, "నిద్దరొస్తుంది," అనేవాడు. అందుకే పేర్లు అతని దగ్గర లేవు. ఉన్నవల్లా రంగులు. ఫలానా నీలంలో ఎంత బూడిదరంగు కలిపాడో నలభై ఏళ్ల తర్వాత కూడా చెప్పగలడు.

ఏప్రిల్లో డాబ్స్‌కి గొంతు పోయింది. డాక్టరు రెండు వారాలు నోరు విప్పొద్దన్నాడు. అతనికి అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు. ఆ గురువారం కార్డులు జెనీవా రస్క్ చేతికొచ్చాయి.

జెనీవా కొత్తగా వచ్చిన మనిషి. పోయిన భర్త సౌండ్ డిపార్ట్‌మెంటులో పనిచేశాడు కాబట్టి ఆమెకి అక్కడ చోటు దొరికింది. పెళ్లికి ముందు మాత్రం ఆమె నెబ్రాస్కాలో ఒక చిన్న ఊళ్లో సినిమా హాలు మిషను నడిపింది. నడిపే కుర్రాళ్లంతా యుద్ధానికి పోతే, ఆ గదిలోకి ఆమె వెళ్లింది. గోడలో జానెడు కిటికీలోంచి ఒక్కో సినిమాని అరవైసార్లు, డెబ్భైసార్లు చూసింది.

డాబ్స్ రాసిన కార్డులు ఆమె ఒకసారి తిరగేసి, పక్కన పెట్టేసింది.

"టోపీల సంగతి నాకు తెలీదండీ," అంది. "బొమ్మ సరిగ్గా పడుతోందా లేదా అని నేనెప్పుడూ తెర అంచులే చూసేదాన్ని. ఆ క్లూలే చెప్తాను. సరేనా?"

ఎవరూ వద్దనలేదు. డాబ్స్ వద్దనే స్థితిలో లేడు.

"ఈ సినిమాలో కథంతా ఒక ఇంట్లో జరుగుతుంది. వంటింటి తలుపు మూడుసార్లు కుడివైపుకి తెరుచుకుంటుంది, నాలుగోసారి ఎడమవైపుకి."

గదంతా గుసగుసలు. "ఇదేం క్లూ అమ్మా! తలుపుని ఎవరు చూస్తారు?" అంది ఫ్లోరిన్.

"నేను చూశాను," అంది జెనీవా నింపాదిగా. "పోనీ ఇంకోటి. ఒక రేవు. తెల్లవారుతోంది. ఓడ కదిలే వేళయింది. అమ్మాయి మెట్లమీద నిలబడుంది. వెనకాల ఆకాశంలో కుడిపక్కన ఇస్త్రీపెట్టె ఆకారంలో ఒక మబ్బు. దాని మొన దగ్గర ఒక చుక్క. వెలుగొచ్చేసింది, ఆ చుక్క ఆరిపోవాలి. ఆరదు. ఓడ వెళ్లిపోయేదాకా అలాగే ఉంటుంది."

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. అందరూ అటు తిరిగారు. ఆర్లో చెయ్యి పైకి లేచి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు అతను కూడా దానికేసే చూస్తున్నాడు.

"చెప్పండి," అంది జెనీవా.

"స్టూడియోలో తొమ్మిదో నంబరు స్టేజీ," అన్నాడు ఆర్లో. "పందొమ్మిదొందల నలభై రెండు, అక్టోబరు. తొంభై అడుగుల గుడ్డ. కింద గులాబీరంగు పలచగా కొట్టాం, వెనక దీపాలు పెడితే సూర్యుడొస్తున్నట్టు కనబడాలని."

"సినిమా పేరు?"

"తెలీదు."

గదంతా గొల్లున నవ్వింది. డాబ్స్ కాయితమ్మీద 'పేరు చెప్పకపోతే చెల్లదు' అని పెద్దక్షరాలతో రాసి అందరికీ చూపించాడు.

"కానీ అమ్మా, మీరు పొరబడ్డారు," అన్నాడు ఆర్లో. నవ్వు తగ్గిపోయింది. "మబ్బు నాదే. చుక్క మాత్రం ఉండే వీల్లేదు. దాన్ని చెరిపేశారు."

"నేను మూడు వారాలు వేశానండీ ఆ సినిమా, రోజుకి మూడాటలు. చుక్క ఉంది."

"లేదు. చెరిపింది నేనే."

అంతే, లేచి వసారాలోకి వెళ్లిపోయాడు. ఆట ఆగిపోయింది. కాసేపటికి జెనీవా రెండు గ్లాసుల నిమ్మరసం పట్టుకుని వచ్చి పక్క బెంచీమీద కూర్చుంది. నారింజచెట్ల మధ్య ఎండ చిక్కటి పసుపులో కదులుతోంది. ఆర్లో చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, నిద్రలో మాట్లాడే మనిషిలా మొదలుపెట్టాడు.

లైల్ అతని తమ్ముడు. ఆరేళ్లు చిన్న. ఇద్దరూ ఒకే నిచ్చెనమీద, ఒకే బకెట్లోంచి రంగు ముంచి పనిచేశారు. మబ్బులు ఆర్లోవి, వెలుగు లైల్‌ది. సైన్యం నుంచి లైల్‌కి పిలుపొచ్చిన వారం వాళ్లు వేస్తున్నది ఆ రేవు ఆకాశమే. ఆఖరిరోజు పొద్దున ఆర్లో వచ్చేసరికి మబ్బు మొన దగ్గర తెల్లటి చుక్క ఒకటి మెరుస్తోంది.

"ఏమిట్రా ఇది?"

"నా సంతకం," అన్నాడు లైల్. "మనం వేసినవి నూట పన్నెండు ఆకాశాలన్నా. ఒక్కదాని మీదైనా పేరుందా?"

"తెల్లారాక చుక్కేమిట్రా! స్టూడియో పెద్దాయన చూస్తే ఇద్దర్నీ గెంటేస్తాడు."

పెద్దాయన చూడనే చూశాడు. మధ్యాహ్నంలోగా అది పోవాలన్నాడు. లైల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కుంచె ముట్టుకోనన్నాడు. చివరికి ఆర్లోయే నిచ్చెనెక్కి, నీలం కలిపి, రెండు పూతలు వేసి చుక్కని కప్పేశాడు. లైల్ కింద నిలబడి, "నీ చెయ్యి బలే శుభ్రమన్నా," అని నవ్వాడు. మర్నాడు తెల్లవారకముందే బండెక్కాడు. పసిఫిక్‌లో ఏదో దీవి దగ్గర, పదమూడు నెలల తర్వాత పోయాడు.

"వాడు అడిగింది అదొక్కటే," అన్నాడు ఆర్లో. "నేను దానిమీద రెండు పూతలు కొట్టాను. ఒకటి సరిపోయేది."

జెనీవా గ్లాసు కింద పెట్టింది. "నేను చూసింది చూశానండీ," అంది మెల్లగా. "మా ఊళ్లో ఒక రైతుండేవాడు. ఆ సినిమాకి వచ్చి, మర్నాడు టికెట్ల కిటికీ దగ్గర గొడవ. తెల్లవారాక ఆ పక్కన చుక్కుండదు, మీరు దొంగ ఆకాశం చూపిస్తున్నారని. మా ఓనరు మళ్లీ చూసి చెప్పమని లోపలికి పంపాడు. పెద్దమనిషి మళ్లీ చూసి, ఏడుస్తూ బయటికొచ్చి, చుక్క సంగతే మర్చిపోయాడు. లేని చుక్క కోసం మనిషి పోట్లాడతాడా?"

ఆర్లో ముట్టుకోని గ్లాసు ఆమె గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

వారంపాటు హోమ్ అంతా అదే మాట. ఉంది అనేవాళ్లు కొందరు, లేదు అనేవాళ్లు కొందరు. డాబ్స్‌కి గొంతు లేకపోయినా చేతులున్నాయి. ఫ్లోరిన్ చేత ఫోన్ చేయించి, పక్కన కూర్చుని ఏం చెప్పాలో కాయితాలమీద రాసి అందించి, పాత రీళ్లు దాచే చోట ఎవరినో పట్టుకున్నాడు. ఆ సినిమా పేరు 'పిచ్చుకల రేవు' అట. ఒక్క ప్రింటు మిగిలింది. అడిగిన పదోరోజున ఆరు గుండ్రటి డబ్బాలు హోమ్‌కి వచ్చాయి. శుక్రవారం తిరిగి పంపాలి.

మంగళవారం మధ్యాహ్నం, హోమ్‌లో ఉన్న చిన్న హాల్లో వేశారు. మిషను దగ్గర జెనీవాయే నిలబడింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆర్లో ఆఖరి వరసలో కూర్చున్నాడు. దీపాలు ఆరగానే లేచి వెళ్లిపోదామనుకున్నాడు. ఆరాయి, అతను కూర్చునే ఉన్నాడు.

తెరమీద వెలుగు పడింది. గీతలు, చుక్కలు, తర్వాత ఒక వీధి, ఆ వీధి మీద అతని సాయంత్రం. పాత్రలు ఏవో మాట్లాడుకుంటున్నాయి. అతనికి వినబడ్డం లేదు. అతను ఇళ్లకప్పుల పైన తిరుగుతున్నాడు. ఇది ఆనాడొక మంగళవారం వేసిన మబ్బు. ఇక్కడ లైల్ కుంచె జారింది. ఇక్కడ వర్షం పడుతోంది, ఇది ఇద్దరూ జలుబులతో తుమ్ముతూ వేసిన వర్షం. రంగులన్నీ తెలుపూ నలుపూ బూడిదా అయిపోయినా అతనికి రంగుల్లోనే కనిపిస్తున్నాయి. జిగురు వాసన కూడా వస్తోంది. ఎప్పుడో నిద్రలో నడిచొచ్చిన ఊళ్లోకి పట్టపగలు మళ్లీ వచ్చినట్టుంది.

ఆఖరి రీలు. రేవు. మెట్లు. అమ్మాయి. ఆమె భుజం పైన, కుడిపక్క, ఇస్త్రీపెట్టె మబ్బు.

దాని మొన దగ్గర చుక్క.

హాల్లో గోల మొదలైంది. ఎవరో "ఉంది, ఉంది!" అన్నారు. ఆర్లో ముందుకి వంగాడు. ఓడ కూత పెట్టింది. అమ్మాయి చెయ్యి ఊపుతోంది. ఆర్లో కళ్లు చుక్కని వదల్లేదు. అది సన్నగా వణుకుతోంది. కొంచెం పెరిగి, కొంచెం తగ్గి, మళ్లీ పెరిగి.

రంగు వణకదు. ముప్ఫై నాలుగేళ్లలో అతను వేసిన ఏ చుక్కా వణకలేదు. గుడ్డ వెనక దీపముండి, గుడ్డలో బెజ్జముంటేనే అలా వణుకుతుంది.

ఆ రాత్రి లైల్ మళ్లీ వెళ్లాడన్నమాట. సుత్తీ మేకూ పట్టుకుని నిచ్చెనెక్కి, అన్న వేసిన రెండు పూతల మధ్యలోంచి ఒక్క పోటు పొడిచాడు. స్టేజీమీద దీపాలు వెలిగేదాకా అది ఎవరికీ కనబడదు. వెలిగాక గుడ్డ మార్చడానికి ఎవరికి ఓపిక? పొద్దున్నే బండెక్కుతూ అన్నతో ఒక్క ముక్క అనలేదు. దొంగ వెధవ.

ఆర్లోకి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. తెరమీద అమ్మాయి మెట్లమీద కూలబడి ఏడుస్తుంటే అతను పగలబడి నవ్వాడు.

"సిగ్గు లేదూ!" అని వెనక్కి తిరిగింది ఫ్లోరిన్, రుమాలుతో కళ్లొత్తుకుంటూ. "పాపం ఆ పిల్ల ఏడుస్తుంటే!"

"బెజ్జం!" అన్నాడు ఆర్లో, ఊపిరాడక. "అది చుక్క కాదు ఫ్లోరిన్, బెజ్జం! పొడిచి పారిపోయాడు వెధవ!"

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. మిషను గదిలోంచి జెనీవా తొంగిచూసింది. అతని మొహం తడిసిపోయి ఉంది, నవ్వు మాత్రం ఆగడం లేదు. ఆమె తల లోపలికి తీసుకుని, రీలు చివరిదాకా నడిపింది.

దీపాలు వెలిగాక అందరూ చుట్టూ మూగారు. ఆర్లో నిచ్చెన గురించీ మేకు గురించీ చెప్పాడు. ఎప్పుడూ పది మాటలు కలిపి మాట్లాడని మనిషి ఆపకుండా చెప్పుకుపోతుంటే డాబ్స్ రాసుకోడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఎండ తగ్గాక ఆర్లో జెనీవాని అడిగాడు:

"రేపో ఎల్లుండో ఇంకోసారి వేస్తారా? రీళ్లు తిరిగి వెళ్లేలోగా?"

"ఎన్నిసార్లైనా వేస్తాను. ఎవరికోసం?"

"మావాడికో కూతురుంది. నదీన్. వాడు వెళ్లాక పుట్టింది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఉంటుంది."

ఏడాదికోసారి, క్రిస్మస్‌కి మాత్రం ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు. ఆమె తండ్రి గురించి అడిగితే అతను "మంచివాడమ్మా" అని ఊరుకునేవాడు. ఆ మాటతో ఆమె నలభై ఏళ్లు గడిపింది. వసారాలోని ఫోన్‌లో నంబరు తిప్పుతుంటే అతని వేలు రెండుసార్లు తప్పింది.

"పెదనాన్నా? ఏమైంది? ఒంట్లో బానే ఉందా?" ఆమె గొంతులో కంగారు.

"నాకేం, రాయిలా ఉన్నాను. గురువారం పని పెట్టుకోకు. ఇక్కడికి రా."

"ఎందుకు?"

ఆర్లో బయటికి చూశాడు. కొండల వెనక ఆకాశం గులాబీరంగు నుంచి బూడిదరంగులోకి దిగుతోంది, ఎవరో పైనుంచి నీళ్లు కలుపుతున్నట్టు.

"మీ నాన్న చేసిన ఒక వెధవ పని చూపిస్తాను," అన్నాడు.

అవతల చిన్నగా, నమ్మలేనట్టు, నవ్వు వినబడింది. అచ్చం లైల్ నవ్వే.

"ఎన్నింటికి రమ్మంటావు?" అంది నదీన్.