కానుగ చెట్టు కింద సన్మానం

పెద్దమనుషులకు మన మీద ప్రేమ పుట్టిందంటే మన జాగకు ఎసరు పెట్టినట్టే. ఐదో తరగతిలోనే బడి మానేసినవాడి మాట ఇది. నచ్చితే వినండి, లేకుంటే లేదు.

మెదక్‌లో మా కాలనీ పార్కు గేటు పక్కన కానుగ చెట్టు ఉంది. దాని కిందే ఏళ్ల తరబడి నా ఇస్త్రీ బండి. ఎండాకాలంలో నిప్పులు నింపిన పెట్టె పట్టుకుని పగలంతా నిలబడేవాడికి ఆ నీడ విలువ ఎంతో చెప్పలేను. అది లేకపోతే నేను ఎప్పుడో దవాఖాన పాలయ్యేవాణ్ని.

ఒకరోజు పొద్దున్నే కాలనీ సంఘం అధ్యక్షుడు ఇంద్రకరణ్ నా బండి దగ్గరికి వచ్చాడు. వెనక డ్రైవరు పెద్ద మూట మోసుకొచ్చాడు.

"వెంకట్రాములూ, రోజూ మనకోసం కష్టపడేటోళ్లకు థాంక్స్ చెప్పాలె అనుకున్నం. నీకు, రోడ్లూడ్చే ఐలమ్మకు, అందరికి సన్మానం. ఎట్లుంది?"

"మస్తుంది సార్. మరి గీ మూటేంది?"

"శాలువలు. మడతలు పడ్డయి, జర ఇస్త్రీ చేసియ్యి."

ఊళ్లో జరిగే ప్రతి సభలో ఆయనకు కప్పినవే అవన్నీ. కొన్నింటికి ఎండిపోయిన బంతిరేకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ రేకులు దులిపి, నాకు కప్పబోయే శాలువను నేనే ఇస్త్రీ చేశాను. నా వంతుకు ఏది వస్తుందో తెలియదు కాబట్టి అన్నింటినీ ఒకే తీరుగా రుద్దాను.

పోతూ పోతూ ఆయన అసలు మాట చెప్పాడు. "స్టేజి గీ చెట్టు కిందనే. నీ బండి జర అవతలికి జరుపు."

"ఫంక్షన్ అయినంక మళ్ల ఈడికే వస్త గద సార్?"

"అరే, సన్మానమే నీదాయె, నీకెందుకయ్యా పరేషాన్!" అని నవ్వుతూ పోయాడు.

ఇంటికి పోగానే నా భార్య భాగ్య నిలదీసింది. "జాగ సంగతి గట్టిగ అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"నవ్విండు."

"నవ్విండంటే పోయినట్టే."

ఆదివారం సభ పెట్టారు. ఫ్లెక్సీ నిండా ఇంద్రకరణే. కింద అంచున ఆవగింజల్లా మా మొహాలు. కుర్చీలు వేసిన తీరు కూడా చూడాలి. థాంక్స్ చెప్పేవాళ్లు నీడలో, చెప్పించుకునేవాళ్లం ఎండలో. ఒక్కొక్కరు లేచి మేము లేకపోతే తమకు బతుకే లేదన్నారు. రోజూ గేటు లోపలి నుంచే బట్టలు విసిరేసే ఆయన కూడా అన్నాడు. మా ముందు కూర్చుని మా గురించి మాట్లాడుతున్నా, వాళ్లలో సగం మందికి మా పేర్లు రావు. చీటీ చూసి చదివారు.

ఐలమ్మకు శాలువ కప్పి ఫోటో తీశారు. ఆమె ఇంకా మెట్లు దిగకముందే ఇంద్రకరణ్ భార్య నిర్మలమ్మ కేకేసింది. "ఐలమ్మా, పూలన్ని కింద పడ్డయి, జర ఊడ్వు."

ఐలమ్మ శాలువ నడుముకు చుట్టి చీపురందుకుంది. "శాలువ కప్పి చీపురిచ్చిండ్రు. ఇగ కిరీటమొక్కటే తక్కువ," అంది నా పక్కన ఊడుస్తూ.

నా వంతు వచ్చింది. మైకు ఇచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"సార్, నాకు శాలువ లేకున్న ఏం కాదు. నా బండి జాగ నాకియ్యండ్రి, సాలు."

ఇంద్రకరణ్ నా చేతిలోంచి మైకు తీసుకుని భుజం మీద చెయ్యేశాడు.

"చూసిండ్రా, వెంకట్రాములుకు గీ జాగ మీద ఎంత ప్రేమనో! అందుకే గీడనే కృతజ్ఞతా బోర్డు పెడుతున్నం. వెంకట్రాములు ఫోటో గీ చెట్టు కింద పర్మనెంటుగ ఉంటది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత జోరుగా అంటే, పక్కనే నిలబడ్డ నాకూ కొట్టాలేమో అనిపించింది.

మూడోనాటికి గుంతలు తవ్వి సిమెంటు పోసి బోర్డు పాతారు. పశువులు రాకుండా చుట్టూ ఇనుప జాలి కట్టారు. జాలి లోపల చల్లగా నా ఫోటో. రోడ్డుకు అవతల, ఎండలో, నిప్పుల పెట్టెతో నేను.

మర్నాడు నిర్మలమ్మ వచ్చింది, ఒక చేత్తో బట్టల మూట, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని.

"గంత ఎండల ఎందుకు పెట్టినవయ్యా బండి? ఏడనన్న నీడ చూసుకోరాదు?" అని బోర్డు వైపు చూసింది. "ఫోటో మాత్రం మంచిగొచ్చింది. సరే, సార్ తెల్లబట్టలు, సాయంత్రంకల్ల గావాలె."

"నాకెందుకమ్మా? నీడల ఉన్నడు గద, ఆయనకియ్యండ్రి."

"ఎవలికి?"

"గా బోర్డు మీదున్నోనికి. మీకు పనిచేసేటోడు ఆయన. నేనెవలో మీకు తెల్వదు."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. మూట బండి మీద పెట్టింది. నేను తీసి మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టాను. గొడుగు ఒక పక్కకు ఒరుగుతుంటే, మూట ఇంకో పక్కకు జారుతుంటే, రోడ్డు దాటి, బోర్డు ముందు నుంచే ఇంటికి పోయింది. అంత దూరం తన బట్టలు తాను వెనక్కి మోసుకుపోవడం ఆమెకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

బండి వెనక బట్టలు మడతపెడుతున్న భాగ్య లేచి వచ్చింది. తర్వాత నిప్పుల మీద నీళ్లు చల్లింది.

"పెద్దింటి గిరాకి పాయె."

"పోనీ. చౌరస్తా దాటినంక ఒక వేపచెట్టుంది. రేపు బండి ఆడికి తోలుదాం."

"ముందుగాల పోయి అడుగు," అంది భాగ్య, "ఆడ సన్మానాలు చేసేటోళ్లు ఎవలన్న ఉన్నరా అని."