పడుగుకు పిలుపు

తమిళసీమలోని పొదటూరుపేటలో, తెలుగువాళ్ళ నేతవీధిలో ఎవరింటి పడుగుకు గంజి పెట్టినా అది ఆ ఒక్క ఇంటి పని కాదు. చీరకు కావలసిన నిలువుపోగులను వీధి పొడుగునా కర్రల మీద పరచి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఎనిమిది మందైనా ఉండాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నెల రోజుల నేతకు సరిపడే నూలు మట్టిపాలవుతుంది.

ఆ శుక్రవారం ఉదయం దొరస్వామి పడుగు దగ్గర ఉన్నది ఇద్దరే. ఆయన, ఆయన భార్య అలమేలు.

"గంజి చిక్కబడతా ఉంది. ఇంకా ఎవురి కోసరం చూస్తావు?"

"వస్తారులే."

"వచ్చేవాళ్ళయితే ఈపాటికి వచ్చి, నా కాఫీకి వంక కూడా పెట్టుండేవాళ్ళు."

దొరస్వామి గంజి కలియబెడుతూ తలెత్తాడు. ఎదురింటి అరుగు మీద మునెయ్య కూర్చుని ఉన్నాడు. చూపు మాత్రం ఇటు తిప్పడం లేదు.

ఆరేళ్ళుగా వీధిలో అందరి పడుగులకూ పిలుపు వెళ్ళేది దొరస్వామి ఫోను నుంచే. అందుకే వీధివాళ్ళ ఫోను గ్రూపులో ఆయన పేరు కనబడితే, ఏమొచ్చిందని చూడకుండా నొక్కేయడం అందరికీ అలవాటు. పోయిన వారం ఆయన పేరుతో ఒక పెళ్ళిపత్రిక వచ్చింది. వీధంతా నొక్కింది. అది పత్రిక కాదు. నొక్కిన ప్రతి ఫోనులోకీ ఎక్కడివాళ్ళో దొంగలు దూరారు. మునెయ్య ఫోను నుంచి అతని కూతురు సుమతికి కుదిరిన తిరునిన్రవూరు సంబంధం వాళ్ళకు బూతుబొమ్మలు వెళ్ళాయి. ఆ రోజు నుంచి వాళ్ళు ఫోను ఎత్తడం లేదు.

"నేను పంపలేదు మునెయ్యా" అని దొరస్వామి మూడుసార్లు చెప్పాడు. "నీ పేరే కదా బావా ఉండేది" అన్నాడు మునెయ్య మూడుసార్లూ.

చివరకు దొరస్వామిని తిరువళ్ళూరులో ఫోను కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకుపోయింది సుమతే. ఆ వీధిలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల, ఆవడిలో ఉద్యోగం. కౌంటరులోని అతను ఫోను తిప్పి చూసి పెదవి విరిచాడు.

"దొంగలు దూరే సందులు కంపెనీ ఎప్పటికప్పుడు మూస్తా ఉంటుంది సార్. ఈ మోడలుకు రెండేళ్ళ కిందే ఆపేసినారు."

"ఆపేసినట్టు నాకు ఎవురు చెప్పినారు?"

"వెబ్‌సైటులో పెట్టుంటారు."

"ఏ బాసలో?"

అతను నవ్వాడు. "ఇంకో ఫోను తీసుకోండి సార్."

"ఇది బాగానే మాట్లాడతా ఉందే నాయనా."

"మాట్లాడుతుంది. కాపలా ఉండదు."

తిరుగు రైలులో దొరస్వామి ఆ ఫోనును ఒళ్ళో పెట్టుకుని, దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు పడుగు దగ్గర ఎండ కర్రల దాకా వచ్చింది. అలమేలు ఒక కొసన, ఆయన ఒక కొసన కుంచె అందుకున్నారు. ఇద్దరితో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు మునెయ్య ఇంట్లోనుంచి సుమతి కుంచె పట్టుకుని దిగింది.

"రైలుకు పోలేదా పాపా?"

"లీవు పెట్టినాను మామా. జరుగు."

"యాడికే?" అన్నాడు మునెయ్య అరుగు మీద నుంచే. "నీ సంబంధం చెడగొట్టినోళ్ళ పడుగుకా?"

సుమతి కుంచె ఆపలేదు. అరుగుల మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నది:

"నాయనా, మనం నేసిన చీర రంగు పోతే కొన్నామె మన వాకిట్లోకే వచ్చి అడుగుతుంది. తల వంచుకుని జవాబు చెప్తాం. మరి కాపలా ఆపేసిన కంపెనీని ఎవురన్నా అడిగినారా? వాళ్ళు యాడుండేదీ మనకు తెలీదు. మామ ఎదురింట్లో ఉన్నాడు, అందుకని ఆయన్ని పట్టుకున్నాం. ఆయన పేరును కూడా దొంగలే ఎత్తుకుపోయినారు."

మునెయ్య తుండుగుడ్డ తలకు చుట్టుకుని అరుగు దిగాడు.

"గంజి ఎవురు కాచినారు? గోడకు సున్నం కొట్టొచ్చు దీంతో."

"నీకు మాత్రం కాఫీ లేదు పో" అన్నది అలమేలు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వెనక ఇంకో నలుగురు వచ్చారు. పడుగు చివర రెండు మూరలు అప్పటికే అతుక్కుపోయాయి. మిగతాది దక్కింది. తిరునిన్రవూరు నుంచి మాత్రం ఆ రోజూ ఫోను రాలేదు.

సాయంత్రం సుమతి కంపెనీకి పంపే అర్జీ రాసింది. వీధిలో అందరూ సంతకాలు పెట్టారు. జవాబు వస్తుందని ఎవరూ పెద్దగా నమ్మలేదు. మర్నాటి పడుగు మునెయ్యది. దొరస్వామి ఫోను ఇంట్లో పెట్టి, మోకాలు నొప్పితోనే గడప గడపకూ నడిచి పిలిచాడు. ఆ అర్జీలో ఉన్నది రెండే వాక్యాలు: "అమ్మేటప్పుడు మా బాసలో ఇల్లిల్లూ తిరిగి అమ్మినారు. కాపలా ఆపేటప్పుడు కూడా మా బాసలోనే, ఇల్లిల్లూ తిరిగి చెప్పండి."