ఆవిడ నిలబడ్డ చోటు

ముక్కాలి అప్పటికే రబ్బరు బుడ్డితో లెన్సు మీద దుమ్ము ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, ట్రైపాడ్ కాళ్ళ మరలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. ఎక్కడికెళ్ళినా ఆ మూడుకాళ్ళ స్టాండు భుజాన ఉంటుంది కనక ఊరు ఆయనకు ఆ పేరు పెట్టేసింది. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

వారమంతా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు. గడ్డం ఎత్తండి, రెప్ప వేయకండి. ముఖాలు తీసీ తీసీ ముఖం మొత్తి, సెలవొస్తే చాలు, కొండలకూ చెరువులకూ పారిపోయేవాడు. కొండలంటే కొండంత ఇష్టం. మనుషులంటే, ఫ్రేములోంచి తప్పుకునేదాకా ఓపిక.

పెళ్ళయినప్పటి నుంచీ పద్ధతి ఒక్కటే. పాత కెమెరా, లోంచి చూసే అద్దం మసక. వట్టి రాయి మీదో గడ్డి మీదో ఫోకస్ కుదరదు. అందుకని భార్యను అక్కడ నిలబెట్టి, ఆవిడ మెడ దగ్గర గుండీ స్పష్టంగా కనిపించేదాకా రింగు తిప్పి, "ఊ" అంటాడు. ఆవిడ పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు నొక్కుతాడు. గోడల నిండా ఉన్న లోయలూ సముద్రాలూ సరిగ్గా ఆవిడ నిలబడ్డ చోటే పదునుగా ఉంటాయి. ఆవిడ మాత్రం ఎందులోనూ లేదు.

"బావా, ఇవాళ కొండల్ని వదిలేసి అక్కను తియ్యి," అంది మరదలు, గుమ్మంలోనే ఆయన్ని ఆపి, గొంతు తగ్గించి. అక్క గుండె ఇక ఎన్నాళ్ళో లాగదని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. "మీ పెళ్ళి ఫొటో చూస్తే చెమ్మ తినేసింది. నా ఫోన్లో తీస్తానంటే ముఖం తిప్పేసుకుంటోంది. నువ్వే తియ్యాలిట."

"రీల్లో ఒక్క ఫ్రేము మిగిలింది. అది మీ అక్కదే."

"ఇన్నాళ్ళకు నా వంతు వచ్చిందన్నమాట," అంది ఆవిడ కారులోంచి. "జుట్టు దువ్వుకోనిస్తారా, వెలుగు పోతోందని తొందరపెడతారా?"

చెరువుగట్టు మీద గాలి లేదు. ఆవిడ బండరాయి పక్కన నిలబడింది. ఆయన స్టాండు నిలబెట్టాడు, లైట్‌మీటరు చూశాడు, గుండీ దొరికేదాకా రింగు తిప్పాడు.

"ఊ," అన్నాడు.

ఆవిడ తప్పుకుంది. ఆయన నొక్కాడు.

ఫిల్ము చివరికంటా చుట్టుకున్న చప్పుడు వినిపించాకగానీ ఇద్దరికీ ఏం చేశారో తెలియలేదు. ముందు ఆవిడే నవ్వింది.

"మీరు ఊ అన్నారు, నేను ఊ కొట్టేశాను."

"ఫిల్ము ఊళ్ళో దొరకదు. తెప్పిస్తా. వచ్చాక తీద్దాం."

"అలాగే లెండి. ముందు నన్ను కూచోనివ్వండి."

తిరుగుదారిలో ఆవిడ స్టాండు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంటి ముందు కారు ఆపి, "ఇల్లొచ్చింది," అన్నాడు. ఆవిడ ఒళ్ళోంచి స్టాండు తీసి లోపల మూలన పెట్టాడు. కెమెరా బీరువాలో పెట్టాడు. మళ్ళీ వచ్చి, ఇల్లొచ్చిందని రెండోసారి అన్నాడు. చెయ్యి ముట్టుకున్నాడు. మరదలికి ఫోన్ చేసి, "మీ అక్క దిగలేదు," అన్నాడు.

స్టూడియో మళ్ళీ తెరిచిన రోజున ఫిల్ము కడిగి, చివరి ఫ్రేము ప్రింటు వేశాడు. ఎర్రదీపం కింద, ట్రేలోని కాగితం మీద మెల్లగా గట్టు తేలింది, నీళ్ళు తేలాయి, బండరాయి తేలింది. రాయి మీద, ఫొటోలో అద్దాలు మెరుస్తాయని ఆవిడ తీసి పెట్టుకున్న కళ్ళజోడు, ఒక కాడ మడిచి, ఇంకోటి మడవకుండా, మరల మీది తుప్పు కూడా కనిపించేంత స్పష్టంగా.