శావిగల పీట

ఓబుళప్పకు టైఫాయిడ్ తగ్గి పది రోజులైంది. జ్వరం పోతూ పోతూ ఆకలిని కూడా మూటగట్టుకుని పోయింది. పంతొమ్మిదివందల యాభై తొమ్మిది చలికాలంలో ధర్మవరంలో ఆ జ్వరం పడి లేచినవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లంతా లేచిన మూడోనాటికే కుండ అడుగు గీరి మరీ తిన్నారు. ఓబుళప్ప మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. డాక్టరు వచ్చి చూసి, కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే మనిషి లేవడు, ఇంతకు మించి నా దగ్గర మందు లేదు అని ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాటతో ఆయన భార్య నాగరత్నమ్మ గుండెలో రాయి పడింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమె వంటకు వంక పెట్టి ఎరగడు. ఇప్పుడు బార్లీ జావ తెస్తే వద్దన్నాడు. రొట్టె పాలలో ముంచి పెడితే వద్దన్నాడు. సంగటి మెత్తగా పిసికి తెస్తే కళ్లు మూసుకున్నాడు. ఆమెకు భయమేస్తే కోపం వస్తుంది, అదో గుణం. "తినకుండా ఎవురిని సాధిస్తాండావప్పా?" అని ఆయన మీద అరిచేది. ఆయన పలక్కపోతే కోడలి మీద, కోడలు దొరక్కపోతే పొయ్యి మీద.

కోడలు రామక్కది కన్నడ సరిహద్దులోని రొళ్ల. పెళ్లయి మూడు నెలలు. రొళ్లలో కన్నడమూ తెలుగూ ఒకే నోట్లో కాపురం చేస్తాయి కాబట్టి, ఆ పిల్ల మాటల్లో ఏది ఎక్కడిదో ఆమెకే తెలియదు. నాగరత్నమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. పిల్లకు వంట రాదని కాదు. మగ్గం గుంటలో దిగి నేసే మొగుడి పనిలో తను వేలు పెట్టదు, తన పొయ్యి జోలికి ఎవరూ రాకూడదు, అంతే. అదేం న్యాయమో ఆవిడనే అడగాలి.

పదకొండో రోజు పొద్దున రామక్క ధైర్యం చేసింది.

"అత్తా, మా ఊర్లో జరం పడి లేసినోళ్లకు గుమ్మడికాయ శావిగలు చేస్తారు. నమిలే పనుండదు, దారాల మాదిరి జారిపోతాయి. పచ్చి ఊరిబిండితో పెడితే నాలికకు రుచి తెలుస్తాది. నేను చేస్తా."

"గుమ్మడికాయతో శావిగలా! ఈడ బియ్యప్పిండితోనే చేస్తాం తల్లీ" అని నాగరత్నమ్మ దీర్ఘం తీసింది. తీసి మంచం వైపు చూసింది. దుప్పటి కింద మనిషి ఉన్నాడంటే ఉన్నాడు. "సరే, చెయ్యి పో. ఏమేం కావాల్నో నీ మొగుడికి చెప్పు."

రామక్క వాకిట్లో ఉన్న గంగాధరప్పకు చెప్పింది: ఒక ఎర్ర గుమ్మడికాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కట్ట సొప్పు. కట్ట పెద్దదిగా ఉండాలని రెండుసార్లు చెప్పింది. రాగిపిండి ఇంట్లోనే ఉంది.

గంటకు గంగాధరప్ప వచ్చాడు. చంకలో గుమ్మడికాయ. నెత్తిమీద, వాకిలి దాటడానికి నడుం వంచాల్సినంత పెద్ద జొన్నసొప్ప మోపు.

"ఏంరా ఇది?" అంది నాగరత్నమ్మ. "మనింట్లో ఎద్దు యాడుండాదిరా?"

"నీ కోడలే తెమ్మనింది. పెద్ద కట్ట, పెద్ద కట్ట అని ఒకటే పోరు. పొయ్యిలోకేమో అనుకుంటి."

"అయ్యో, ఇదా!" అని రామక్క నెత్తి కొట్టుకుంది. "సొప్పు! తినేది అత్తా, తినేది!"

"మీ ఊర్లో మనుషులు తింటారేమో. ఈడ గొడ్లు తింటాయి."

మంచం మీదినుంచి ఏదో చప్పుడైంది. దగ్గేమోనని ముగ్గురూ తిరిగి చూశారు. ఓబుళప్ప నవ్వుతున్నాడు. నవ్వడానికి ఊపిరి చాలక పక్కటెముకలు పట్టుకున్నాడు.

"ఆ పాప అడిగింది ఆకురా" అన్నాడు. "కన్నడంలో సొప్పంటే ఆకు. చీరలు తీసుకోని హిందూపురం పోయినప్పుడు సంతలో ఎన్నిసార్లు విన్యానో. పోయి కొత్తిమీర, పుదీనా పట్రా పో, ఎద్దా." కాసేపు ఆయాసపడి అడిగాడు, "దేనికంట?"

"శావిగలకు మామా."

"మరి పీట మీద ఎవురు కూచుంటారు?"

ఇంట్లో శావిగలు ఒత్తే పీట ఒకటి ఉంది. ఆ పీటను పెనుకొండలో అమీర్‌సాబ్ అనే వడ్రంగి చింతమానుతో చేసి ఇచ్చాడు. మధ్యలో బిళ్ల, బిళ్ల నిండా సన్నని చిల్లులు. ఉడికిన ముద్దను అందులో పెట్టి, పైనున్న పొడుగాటి దూలం చివర ఒకరు కూర్చోవాలి. ఆ బరువుకు ముద్ద అణిగి, కింద దారాలుగా దిగుతుంది. తట్టతో పట్టేవాళ్లు ఇంకొకరు. ముద్ద చల్లారితే రాయి, ఇంక దిగదు. ఈ ఇంట్లో ముప్పై ఏళ్లుగా కూర్చునేది ఆయన, పట్టేది ఆమె.

"నేను కూచుంటా మామా" అంది రామక్క. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అయితే గోడవైపు తిరగలేదు.

గంగాధరప్ప కొత్తిమీర, పుదీనా తెచ్చి పడేసి, సొప్ప మోపు ఎత్తుకుని తెచ్చినచోటే తిరిగి ఇవ్వడానికి పోయాడు. రామక్క గుమ్మడికాయ ముక్కలు ఉడికించి మెదిపింది. అందులో రాగిపిండి పోసి కట్టెతో కలిపి, పిడికెడేసి ముద్దలు చేసి, ఆ ముద్దలను మళ్లీ మరిగే నీళ్లలో వేసింది. అవి ఉడికేలోపల కొత్తిమీర, పుదీనా, వేయించిన చెనక్కాయ విత్తనాలు, చింతపండు రోట్లో వేసి ఊరిబిండి నూరింది. మిరపకాయ పేరుకు ఒకటి. నాగరత్నమ్మ తలుపు దగ్గర నిలబడి నీళ్లెక్కువన్నది, మంట తక్కువన్నది, ఉప్పు చూసి వెయ్యమన్నది. రోట్లోంచి పచ్చి వాసన లేచి ఇల్లంతా నిండేసరికి ఇంక అనడానికి ఏమీ దొరకలేదు.

మొదటి ముద్ద పెట్టారు. రామక్క ఎక్కి కూర్చుంది. పిల్ల బక్కపలచన, దూలం సగం దిగి ఆగిపోయింది.

"అట్ల పిట్ట వాలినట్టు వాల్తే యాడ దిగుతాది? గట్టిగా కూచో!"

"కూచున్యా కదత్తా! ఇంగెట్ల కూచునేది?"

"సల్లారిపోతాండాది! ముద్ద సల్లారిపోతాండాది!"

"మీరు కూచోండి, నేను పడతా!"

"నా మోకాళ్లు వంగితే కదే నేను ఎక్కేది!"

"ఏందే ఆ గోల?" అని వినబడింది. ఓబుళప్ప లేచి నిలబడి ఉన్నాడు. నెల రోజులుగా ఒకరు పట్టుకోకుండా నిలబడని మనిషి. గోడ పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చాడు. వద్దని చెప్పబోయి నాగరత్నమ్మ ఆయన దారిలోని తట్టను పక్కకు లాగింది. "దిగు పాపా. పీట సంగతి నాకు తెలుసు" అని ఆయన దూలం మీద కూర్చున్నాడు. రామక్క గబగబా వేడి ముద్ద మార్చి పెట్టింది.

దూలం కదల్లేదు.

వెంట్రుకవాసి కూడా దిగలేదు. రామక్క కూర్చుంటే సగమైనా దిగింది. జ్వరానికి ముందు ఈయన కూర్చుంటే ఒక్క ఊపున దిగేది, తట్ట పట్టడానికి ఆమెకు చేతులు చాలేవి కావు. ఇప్పుడు దాని మీద ఎవరూ లేనట్టే ఉంది. కింద కాళ్లు చాపుకుని కూర్చుని ఖాళీ చిల్లులను చూస్తున్న నాగరత్నమ్మకు, మనిషిలో ఎంత పోయిందో అప్పుడు తెలిసింది. తలెత్తలేకపోయింది.

"దిగుతాండాదా?" అన్నాడు ఆయన పైనుంచి.

"దిగుతాండాది" అంది ఆమె.

అని రామక్క వైపు చూసింది. రామక్కకు చెప్పాల్సిన పని లేకపోయింది. మామ వెనక్కి పోయి, దూలం కొసమీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లంతా దానిమీద వేసింది. దూలం కిర్రుమంది. రాగిరంగు దారాలు సన్నగా, వణుకుతూ తట్టలోకి దిగాయి.

"మెల్లగా అప్పా, మెల్లగా!" అని నాగరత్నమ్మ గట్టిగా అరిచింది. "ఎప్పుడూ ఇంతే, కోతి మాదిరి ఎగిరి కూచుంటావు!"

"జరం వస్తే బలం యాడికి పోతాదే" అన్నాడు ఓబుళప్ప, సంతోషంగా.

నాలుగు ముద్దలు ఒత్తారు. ఆయన అక్కడే కింద కూర్చుని, శావిగలు ఊరిబిండిలో కలుపుకుని ఒక ముద్ద మింగాడు. ఇంకోటి మింగాడు. తట్ట ఖాళీ చేసి, రేపు కూడా ఇదే చెయ్యండి, కూచునేది నేనే అని చెప్పి పోయి పడుకున్నాడు. నాగరత్నమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాటినుంచి రోజూ అదే. గంగాధరప్ప మగ్గం గుంటలోనే ఉండేవాడు, సగం నేసిన చీర ఆగిపోకూడదు కదా. రామక్క చేతులు బొబ్బలెక్కితే నాగరత్నమ్మ తట్టను కోడలికిచ్చి, తనే వెనక నిలబడి తోసేది. ఇన్నేళ్లలో ఆ తట్ట ఆమె ఇంకొకరి చేతికిచ్చి ఎరగదు. ఓబుళప్ప వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆయనకు తెలుసో తెలియదో ఇద్దరూ అడగలేదు.

శావిగలు మొదలుపెట్టిన పన్నెండో రోజు దూలం ఒక్కసారిగా దిగింది. శావిగలు తట్ట దాటి నేలమీద పడ్డాయి.

"అత్తా! అంత తొయ్యద్దు! నేను పట్టలేకుండా ఉండా!" అని కిందినుంచి అరిచింది రామక్క. అరిచాక గాని ఏం బయటపెట్టిందో తెలిసిరాలేదు.

ఓబుళప్ప మెల్లగా వెనక్కి తిరిగాడు. నాగరత్నమ్మ రెండడుగుల దూరంలో, కొంగుతో ముఖం మీది చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నేను తొయ్యలే పాపా" అంది ఆమె. వీధి చివరిదాకా వినబడేటట్టు మళ్లీ అంది, "నేను తొయ్యలే! నా చేతులు రెండూ ఈడే ఉండాయి, చూడు!"